బీరువాలో బీరు

మటౌరాలో జూన్ అంటే
ఏటి మీద పొగమంచు
మధ్యాహ్నం దాకా బద్ధకంగా పడుకుని ఉండడమే.
మాంసం ఫ్యాక్టరీ సీజను ముగిసింది.
కత్తులు కడిగి అప్పజెప్పి
ఎరల్ పెట్రీ ఇంటికొచ్చాడు, చంకలో అట్టపెట్టె.
తోటి కోతగాళ్లు చందా వేసుకుని కొన్నది:
"మళ్లీ పిలుపొచ్చేదాకా దీన్ని చూసుకో."

డబ్బాలో మాల్టు పాకం.
చెంచా నిలబెడితే ఆలోచించి ఒరిగేంత చిక్కన.
కిలో చక్కెర, మరిగిన నీళ్లు,
ఇరవై మూడో గీత దాకా చన్నీళ్లు.
మూత కింద దాచిన ఈస్టు పొట్లం,
చిటికెడు గోధుమరంగు ధూళి.
అది బతికే ఉందంటే నోలీన్ నమ్మలేదు.

ఇల్లంతా చలి, ఒక్క వేడినీళ్ల బీరువా తప్ప.
రాగి సిలిండరు పక్కన
తువ్వాళ్లనీ ఉన్ని మేజోళ్లనీ ఖాళీ చేయించి
బకెట్టుని కూర్చోబెట్టాడు.
బీరువాలో బీరు.
మాటలో ముందే ఉన్నదాన్ని
మనిషి ఇప్పుడు తెచ్చి లోపల పెట్టాడు.

మొదటి రాత్రి ఏమీ లేదు.
మర్నాడు గాలిగొట్టంలో నీళ్లు కదిలి
బుడుక్.
మళ్లీ చాలాసేపటికి
బుడుక్.
సాయంత్రానికి, ఒక బుడుక్కుకీ ఇంకో బుడుక్కుకీ మధ్య
టీ కప్పు కింద పెట్టే వ్యవధి లేదు.
ఎరల్ స్టూలు వేసుకుని తలుపు ముందు కూర్చున్నాడు.
ముప్పయ్యేళ్లు గొలుసు పక్కన
నిమిషానికి ఎనిమిది గొర్రెల లెక్కన బతికినవాడు
ఎవరూ తోలని పని దానంతటది జరుగుతుంటే
చూస్తున్నాడు.
తువ్వాళ్లకి తడిసిన రొట్టె వాసన.
"చర్చిలో నా పక్కన ఎవరూ కూర్చోలేదు," అంది నోలీన్.

ఏడో రోజు బుడుక్కు ఆగింది.
పక్కింటి హోహెపా గాజు తేలుడుగొట్టం ఇచ్చి చెప్పాడు:
"చప్పుడు ఆగితే పని ఆగినట్టు కాదు.
మూడ్రోజులు వరసగా ఒకే అంకె చూపించాలి."
చూపించలేదు.
అయినా సీసాల్లో పోశాడు.
నెలాఖరుకి వస్తానని తమ్ముడు కార్డు రాశాడు మరి,
కెల్విన్.
పడవ అమ్మిన డబ్బు దగ్గర
పదకొండేళ్ల కిందట మూత పడిన మాట.

గురువారం రాత్రి రెండున్నరకి
ధన్.
"ఈ వేళప్పుడు బాతుల్ని ఎవరు కాలుస్తున్నారు?"
నోలీన్, నిద్రలోనే.
ధన్. ధన్.
తలుపు కిందనుంచి నురగ
వరండాలోకి నడిచొచ్చింది.
దుప్పటి మడతల్లో గాజుపెంకులు.
తెల్లారాక, వెల్డింగు అద్దాలు పెట్టుకుని
మిగిలిన సీసాల్ని ఒక్కోటీ పెరట్లోకి మోసి
మూత తీసి మట్టికి తాగించాడు.
ఆ సాయంత్రం కోళ్లు గూటి దారి మరిచాయి.

ఆలస్యం అమృతం విషం అన్నవాడు
బకెట్టు దగ్గర కాపలా కూర్చుని ఉండడు.

ఫోనెత్తి ఎరల్
పదకొండేళ్ల తర్వాత తమ్ముడితో అన్న మొదటి మాట:
"బీరు పేలిపోయింది. సెప్టెంబరులో రా."
అవతల ఏమీ లేదు.
తర్వాత ఎక్కడో అడుగునుంచి కదిలినట్టు
ఒక నవ్వు.
మళ్లీ చాలాసేపటికి
ఇంకొకటి.

రెండో డబ్బా.
ఈసారి పద్దెనిమిది రోజులు.
అంకె వెయ్యీ పది. మర్నాడూ వెయ్యీ పది. మూడోనాడూ.
సీసాకో చెంచా చక్కెర, టక్కున మూత.
రెండు వారాలు బీరువా వెచ్చదనంలో,
ఆపైన మూడు వారాలు గరాజు చలిలో.
ఈస్టు అడుక్కి దిగి మడ్డిగా పడుకుంది,
పైన బీరు తేరింది.
ఎరల్ తిప్పలేదు, కదపలేదు,
దీపానికి ఎత్తి చూడలేదు,
ఒక్కసారి తప్ప.

కెల్విన్ వచ్చేసరికి
పొలాల్లో కొత్త గొర్రెపిల్లలు.
గడ్డంలో వాన.
చివరి అంగుళం సీసాలోనే వదిలేయాలని
అన్న చెప్పేలోపే
మడ్డితో సహా వంచుకుని తాగేశాడు.
"కొంచెం చేదు."
"ఉంటుంది," అన్నాడు ఎరల్.

రెండో సీసా
తమ్ముడే పోశాడు,
గ్లాసు వాల్చి, నిదానంగా,
అడుగున ఉన్నది లేవకుండా.