కాటా చీటీ

సోహార్ ఆస్పత్రిల డాక్టరమ్మ
నా రక్తం కాయితం చూసి, నా బొర్ర చూసి,
మళ్లా కాయితమే చూసింది.
తొంబై ఆరు కిలోలు.
ఇరవై రెండు చక్రాల బండి తోలేటోనికి
సొంత బరువు ఎన్నడు యాదికుంటది?
స్టీరింగు కడుపుల దిగినప్పుడల్లా
సీటే ఇంకింత ఎనుకకు జరిపిన.

రాత్రి ఎనిమిదికి మూతి కడిగితే
పగటి పన్నెండు దాక మంచినీళ్లు,
చెక్కర లేని సులేమాని.
ఫోన్ల గంగజల నవ్వింది:
"ఏ దేవునికి పట్టినవు ఈ ఒక్కపొద్దు?"
"తూకం దేవునికి."
"మరి కొబ్బరికాయ?"
"తలకాయే ఉన్నది."

వారం దినాలు, పది గొట్టంగనే,
ఖత్మత్ మలాహా సరిహద్దు లైన్ల
ముందు బండి మలబారి పరోటా పొట్లం విప్పితే
అద్దాలు దించకున్నా వాసన లోపలికొచ్చేది.
ఆకలి పసిపిల్ల లెక్క ఏడుస్తదనుకున్న.
కాదు, బాకి వసూలుకొచ్చినోని లెక్క తలుపు కొడ్తది.
జరసేపు కొడ్తది,
ఇంట్ల ఎవ్వలు లేరనుకొని పోతది.
గది తెలువక ఇన్నేండ్లు
కొట్టినప్పుడల్లా తలుపు తీసిన.

షెడ్డు ఎనుక గుల్ జమాన్ ఖాన్
స్కాఫోల్డింగు పైపుకు రెండు దిక్కుల కడ్డీలు అతికిచ్చిండు.
పికప్పుల పాత బ్రేక్ డ్రమ్ములే గిరకలు,
సన్న బరువులకు అరిగిన క్లచ్ ప్లేట్లు.
ఎండకు ఇనుము చేతులు కాలుస్తదని
పగటీలి తడి గోనె కప్పి, రాత్రి తీసేది.
మొదటిరోజు ఇనుము నేలను విడువలే,
నడుము నన్ను విడిచింది.
"వీపు వంచకు,
భూమిని కాళ్లతోని కిందికి నూకుతున్న అనుకో,"
నోట్ల నస్వార్ అటు జరిపి, ఇటు జరిపి చెప్పిండు.

నేను వడ్ల బస్తాలు మోసినోన్నే.
ఆ బరువుకు ఒక అడ్రసుండేది:
ఈడికెల్లి ఆడికి, దించితే పైసలు.
దీనికి అడ్రసు లేదు.
లేపుడు, లేపినకాడ్నే దించుడు.
ఐదుసార్లు. కొంచెమాగి మళ్ల ఐదు.
తెల్లారి బండి దిగుతుంటే
తొడలు రెండు మండుకుంట కూలి ఇచ్చినయి.

నాలుగు గుడ్లు, గిన్నెడు పెసర్లు, పెరుగు,
చేప ముక్క, పిడికెడంత అన్నం.
మొగిలి తన పళ్లెంల పోసుకునే కుప్ప దిక్కు
చూసుడు బంద్ పెట్టిన.
ఒక శుక్రవారం, బిడ్డ పుట్టిందని ఆడే బిర్యాని వండిండు.
మూడు ప్లేట్లు తిన్న.
అబద్ధమెందుకు, నాలుగు.
శనివారం డ్రమ్ములు
ఏమనకుండ ఉన్నకాడ్నే ఉన్నయి.

నాలుగో నెలల తానం చేస్తుంటే
మొలతాడు మోకాళ్లకు జారింది.
బెల్టుకు మేకుతోని రెండు బెజ్జాలు.
బుజం మీద ఏదో గట్టిగ తలిగితే
గడ్డ లేసిందేమోనని భయపడ్డ.
గుల్ జమాన్ ఒత్తి చూసి
"కండ, పిచ్చోడా" అన్నడు.

పోర్టు కాటా మీదికి ఖాళీ బండి ఎక్కిచ్చిన.
ఐదు నెలల కింద ఎంతనో ఇప్పుడూ గంతే.
ఇరవై కిలోల లోపు తేడా
దాని కండ్లకు ఆనదట,
కిటికీల నుంచి షఫీకుల్ చెప్పిండు.
కొవ్వు లేసిపోయిన జాగల కండ వచ్చి కూసుంటే
గింత పెద్ద ఇనుప పలకకు ఎట్లెరుకైతది?

ఎనుక బండ్లు లేవు. నడిజాము.
బండి ముందటికి తీసి
నేనొక్కన్నే వాపస్ నడిచొచ్చి
ఆ పలక నడుమ నిలవడ్డ,
చెప్పులు ఇడిచి.
షఫీకుల్ నవ్వుకుంట మీట నొక్కిండు.

ఎనబై.

ఆస్పత్రి కాటా నిన్ననే ఎనబై ఏడన్నది.
ఏడు కిలోలు పోర్టు నాకు ఉద్దెర ఇచ్చింది.
చీటీ కొట్టిచ్చుకున్న.
బండి నంబరు కాడ ఒక గీత.
సరుకు కాడ: ఖాళీ.

గంగజలకు ఫోటో పంపిన.
"గిండ్ల నువ్వేడున్నవు?" అని రాసింది.
ఏం రాయాల్నో తెల్వక ఫోను జేబుల పెట్టిన.

పగటి పన్నెండుకు ఇంకా పది గంటలు.
క్యాబిన్ తలుపు ఎవ్వలో కొడ్తున్నరు.
ఇంజను షురూ చేసిన.