సోఫాలో కూర్చున్న కుర్రాడికి

ఇంటర్వ్యూకి పిలిచేలోపు
సోఫా అంచున, ఒళ్లో ఫైలు పెట్టుకుని
"ఇక్కడ ఉద్యోగం ఎలాగుంటదన్నా?" అని అడిగావు.
"బాగుంటది" అన్నాను.
పైన కెమెరా ఉంది.

మిగతాది ఇది.

ముందు ఆ సోఫాలో వెనక్కి వాలి కూర్చో.
చేరాక కూర్చోనివ్వరు.
ఆరేళ్లయింది నేనొచ్చి.
దాని మెత్తదనం
దుమ్ము దులిపే నా అరచేతికే తెలుసు.

మే నెలలో మద్దిలపాలెం జంక్షన్లో
తారు చెప్పులకి అంటుకుంటుంటే
ఈ అద్దాల లోపల మేం చలికి తుమ్ముతాం.
జీతం ఐదో తారీఖు దాటదు.
మా గుంట పుట్టినప్పుడు
మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రిలో కార్డు చూపిస్తే
ఎవరూ డబ్బు మాటెత్తలేదు.
కంపెనీ బొమ్మున్న ఈ చొక్కాతోనే
దాన్ని మొదటిసారి ఎత్తుకున్నాను.
అందుకే చొక్కాని తిట్టబోతే
నోరు సగంలో ఆగిపోతుంది.

ఇరవై అయిదో తేదీ దాటనీ, చూస్తావు.
బోర్డు మీద పేర్ల పక్కన అంకెలు.
ఢిల్లీశ్వరరావుకి తొమ్మిది, నీలవేణికి ఏడు,
నాకు నాలుగు.
"గుడ్ మార్నింగ్ పులులూ" అని
పొద్దున్నే గ్రూపులో మేనేజరు గారు.
రాత్రి పదకొండింటికి అవే పులులు
చుట్టాలకి ఫోన్లు చేసి బతిమాలుకుంటాయి.
ఒక మార్చి ఆఖర్న
మా చిన్నత్తకి కారు అమ్మబోయాను.
ఆవిడకి సైకిలే రాదు.

టెస్ట్ డ్రైవులుంటాయి.
హనుమంతవాక, విశాలాక్షి నగర్,
జోడుగుళ్లపాలెం దగ్గర దిగుతుంటే
బానెట్ మీదుగా ఒక్కసారిగా సముద్రం.
రోజుకి నాలుగుసార్లు సముద్రం చూపించి
జీతమిచ్చే కొలువు ఇంకెక్కడుంది చెప్పు?
కాకపోతే నా కళ్లు అలల మీద ఉండవు,
కస్టమరు కాలు క్లచ్ మీద ఎలా పడుతోందో
అక్కడుంటాయి.
పాతిక లక్షల స్టీరింగు వదిలి
రాత్రి సిటీ బస్సులో కమ్మీ పట్టుకుంటే
చేతులకి ఇంకా కొత్త తోలు వాసన.

ఒకటి చెప్పాలి.
భీమిలి నుంచి ఒక రిటైరైన లెక్కల మాస్టారొచ్చారు,
చలమయ్య గారని.
చిన్న కారు, తెల్లరంగు, ఇంకేమీ వద్దన్నారు.
అడుగున కోటింగ్ వేయించకపోతే
ఉప్పుగాలికి రెండేళ్లలో తుప్పేనన్నాను.
కంపెనీ వేసి పంపిన పూత చాలని నాకు తెలుసు.
ఆ నెల నా నాలుగు అయిదవ్వాలి.
నేను ఈతకొట్టి పెరిగిన సముద్రాన్నే
ఆయనకి బూచిలా చూపించాను.
జేబులోంచి పెన్ను తీసి, రేటు రెండుసార్లు కూడుకుని
సంతకం పెట్టారు.
ఇప్పుడు సర్వీసుకి వచ్చినప్పుడల్లా
వంగి కింద చెయ్యిపెట్టి తడిమి
"నువ్వు చెప్పింది నిజమే బాబూ, చుక్క తుప్పు లేదు"
అంటారు.
నేను టీ తెప్పిస్తాను. నా డబ్బులతో.

అయినా, డెలివరీ రోజు ఒకటుంటుంది.
సంపత్ వినాయకుడి గుడి ముందు
బంపరుకి కట్టిన బంతిపూలు,
టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు.
మొదటి అడుగు కదిలి
అవి టప్పున చిట్లగానే
వెనకసీట్లోంచి పిల్లలు కేక పెడతారు.
ఆ కారు నాది కాదు. ఆ కేకలో మాత్రం
గింజంతైనా నాకు వాటా ఉందనిపిస్తుంది.
దాని మీద ఇన్సెంటివ్ ఎంతని
అప్పటికి లెక్కేసుకోను.
అర్ధగంట తర్వాత వేసుకుంటాను.

రేవు వైపు నుంచి గాలి తిరిగిన పొద్దుల్లో
తెల్లకార్ల మీద నల్లటి పొడి వాలుతుంది.
ఎర్రయ్య బాబాయి తుడుస్తూనే ఉంటాడు,
అది వాలుతూనే ఉంటుంది.
మంచీ చెడ్డా అని అడిగావు కదా,
నాకు తోచింది అంతే.

అదిగో, నీ పేరు పిలుస్తున్నారు.
ఫైలు సర్దుకో. జీతం ఎంత కావాలంటే
అనుకున్నదానికి రెండువేలు ఎక్కువే చెప్పు.
ఉద్యోగం వచ్చిందా,
పూర్ణామార్కెట్లో బూట్లు కొనుక్కో,
నల్లవి, ఒక సైజు పెద్దవి.
సాయంత్రానికి కాళ్లు వాస్తాయి.