ఆకుపచ్చ గీత

రుషికొండ మీద మూడో అంతస్తులో
సముద్రం కనబడకుండా తెరలు దించుకుని కూర్చుంటాం.
వెలుతురు పడితే బూడిద రంగులు అబద్ధం చెబుతాయి.

ఎక్స్‌రేల మీద గీతలు గీయడం నా పని.
చర్మం అంచుకి నీలం,
పాలగ్రంథులకి పసుపు,
చనుమొనకి ఒక ఎర్రచుక్క,
పైమూల నుంచి ఏటవాలుగా దిగే ఛాతీ కండరానికి ఆకుపచ్చ.
కొవ్వుకి రంగు లేదు, మిగిలిందంతా అదే.
పేర్లుండవు. నెంబరు, వయసు, ఎడమో కుడో.
రోజుకి నలభై మంది.

ఈమధ్య యంత్రమే ముందు గీస్తోంది.
నా గీతలు చూసే నేర్చుకుంది,
సాయంత్రం నాలుగు దాటాక వచ్చే నా చేతి వణుకుతో సహా.
దాని వెనకాలే వెళ్ళి దిద్దుతుంటాను.

ఇవాళ, నాలుగువందల పదిహేడు.
యాభై ఎనిమిదేళ్ళు, కుడివైపు.
యంత్రం ఆకుపచ్చని సగంలో ఆపేసి
కింద మిగిలిన తెలుపంతా పసుపు పూసేసింది.
దట్టమైన గ్రంథి అట.
అలాగే వదిలేస్తే మళ్ళీ రమ్మని కబురెళ్తుంది,
ఆవిడకి ఒక రోజు బేరం పోతుంది,
ఓ వారం నిద్ర పోతుంది.

కాదు, అది కండరమే.
ఇంత మందం దానికెవరూ చూపించలేదు.
నేనూ చూపించలేదు.

మా పెద్దమ్మ పైడితల్లి
తెల్లారకముందే హార్బరు పాటలో వంజరాలు కొని
నెత్తిన గంప, దాన్ని పట్టుకున్న కుడిచెయ్యి,
కంచరపాలెం దాకా నడక. ముప్పై ఏళ్ళు.
నిద్రలో కూడా ఆ చెయ్యి తలకిందికి కాదు, తలపైకే పోయేది.
జాలారిపేటకి పరీక్షల వ్యాను వచ్చినరోజు
తిట్టుకుంటూనే ఎక్కింది.
"ఓలమ్మో, పలకల మజ్జెనెట్టి
నన్ను ఉప్పుసేపలాగ పరిసేసినారే!"

వయసు సరిపోతుంది.
అడగకూడదు, సంతకం పెట్టాను.
అయినా ఆ పేటలో
ఆ వయసు భుజాలు ఎన్ని లేవు?

పసుపు చెరిపి
ఆకుపచ్చని కిందిదాకా లాగాను, చుక్క చుక్కగా,
చనుమొన మట్టం దాటేవరకు.
పక్కన పెట్టెలో రాశాను: కండరం. గ్రంథి కాదు.
ఇంకా ఏదో రాయబోయి మానేశాను.
గంప అని రాస్తే డాక్టరు గారు నవ్వుతారు.

వేల బొమ్మల్లో ఈ ఒక్క గీత
దానికి ఎంత గుర్తుంటుందో తెలీదు.

నాలుగువందల పద్దెనిమిది. ఎడమవైపు. నలభై ఒకటి.
యంత్రం బాగానే గీసింది.
ఊరికే, పైమూల దగ్గర
ఇంకాసేపు ఆగాను.