రోడ్డు పక్కన రాళ్ళు

ఓరూరో నుంచి లా పాజ్ వెళ్ళే రోడ్డు మీద
ఇరవై మూడు రోజులు మేం పేర్చిన రాళ్ళివి.
కొండ దిగేటప్పుడు ఒక్కొక్కటీ
దుప్పట్లో బిడ్డలా వీపున కట్టుకొచ్చాం.
అన్నిటికంటే పెద్దది కసిమీరా పిన్ని మోసింది.
"మా ఆయనకంటే తేలికే, పైగా గొణగదు" అంది.

రాత్రుళ్ళు బకెట్లో నీళ్ళు గడ్డకట్టేవి.
మంచుకు పెట్టి, కాళ్ళతో తొక్కి, ఆరబెట్టిన దుంపలు
గుప్పెడు కోకా ఆకులు, అంతే.
ఆకు నాలుకను మొద్దుబార్చింది గానీ
మాటను కాదు.
వేకువన ఎద్దుకొమ్ము బూర ఊదితే
అవతలి గుట్ట మీంచి ఇంకో కొమ్ము పలికేది.

ముసలి సెవెరో చెప్పాడు:
పట్నం నడిబొడ్డు చౌకులో కాలుపెట్టినందుకు
వాళ్ళ నాన్న టోపీ పోలీసు లాక్కున్నాడట.
కావాలంటే చౌకంతా ఊడవమన్నాడట.
సాయంత్రం దాకా ఊడిస్తే
పోలీసు డ్యూటీ మారిపోయింది.
"ఆ టోపీ ఇంకా రాలేదు" అని
సెవెరో తల తడుముకున్నాడు.
తల మీద టోపీ ఉంది. అయినా తడుముకున్నాడు.

పంతొమ్మిదో రోజు సైన్యం దిగింది.
మొదటి వరసలో ఫెలీసా కొడుకు,
హెల్మెట్ కింద అచ్చం వాళ్ళమ్మ ముక్కు.
"తిన్నావురా?" అని ఎవరో అడిగారు.
వాడు పలకలేదు.
పలకమని ఆర్డరు రాలేదు.

తర్వాత ఓట్లొచ్చాయి, రాజ్యాంగ సభ వచ్చింది.
కసిమీరా పిన్ని అందులో సభ్యురాలైంది.
మొదటి రోజు లేచి ఐమారాలో మాట్లాడితే
కోటువాళ్ళు గబగబా తడుముకున్నారు
చెవిలో పెట్టుకునే యంత్రాల కోసం.
ఐదొందల ఏళ్ళు అర్థం కాకుండానే తల ఊపాం మేం.
ఆ ఒక్క మధ్యాహ్నం
వాళ్ళు ఊపారు.

కొత్త పుస్తకం మా ఇంటికీ ఒకటి వచ్చింది.
చదువు రాని అమ్మ వాసన చూసింది,
"జిగురు" అంది.
నీళ్ళు మన హక్కని రాసుందని చదివి వినిపించాను.
బకెట్టు తీసుకుని కొళాయి దాకా వెళ్ళింది,
చూసొద్దామని.
కొళాయి గొంతు సవరించుకుంది.
గాలి వచ్చింది.

పిన్ని ఈసారి ఊరికి జీపులో వచ్చింది.
అందరినీ పేరుపేరునా పలకరించింది, ఏడ్చింది కూడా.
నీళ్ళ సంగతి అడిగితే
"పరిశీలిస్తాం" అంది.
ఆ ఒక్క మాటా స్పానిష్‌లో అంది.

రోడ్డు తెరిచాం కదా, బస్సులు తిరుగుతున్నాయి.
రాళ్ళని మాత్రం
మళ్ళీ కొండ మీదికి మోయలేదు.
రోడ్డు పక్కకి దొర్లించి వదిలాం.

బరువని కాదు.