కాకి ముద్ద

ఆ మంగళవారం పీణ్యలో
నూట ఆరుగురు ఆడవాళ్లు
మిషన్ల కింద కుట్లు వదిలేసి వాంతులకు పరిగెత్తారు.
సగం అతికిన చొక్కా చేతులు
అలాగే వేలాడుతూ ఉండిపోయాయట.
నేను వెళ్లేసరికి బుధవారం మధ్యాహ్నం.

ఎందుకంత ఆలస్యమంటే, సిగ్గుపడుతూనే చెబుతాను.
ఆసుపత్రి పోలీసులకు చెప్పింది,
పోలీసులు కార్పొరేషనుకు చెప్పారు,
కార్పొరేషను ఉత్తరం రాసింది.
ఉత్తరం మా ఇన్‌వార్డులో నంబరు వేయించుకొని
కాసేపు కునుకు తీసి లేచింది.
ఐసుపెట్టె తాళంచెవి రేవణ్ణ దగ్గర.
రేవణ్ణ తుమకూరులో, మరదలి నిశ్చితార్థంలో.

క్యాంటీన్ అద్దంలా మెరుస్తోంది.
గుండిగలన్నీ ఆసిడ్ పోసి తోమించి బోర్లించారు.
"చూడండి మేడమ్, ఎంత శుభ్రమో" అన్నాడు మేనేజరు.
ఆ శుభ్రం ముందు
నా దూదిపుల్లలు, నా గాజుసీసాలు
పెళ్లయిపోయాక దిగిన బ్యాండుమేళంలా నిలబడ్డాయి.

వంటామె గంగులమ్మ.
పావగడ పక్క తెలుగు, మా ఇంటి తెలుగే.
"నా చెయ్యి మంచిది కాదంటున్నారమ్మా" అని
అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూపింది.
గోళ్లలో పసుపు ఇంకా వదల్లేదు.
అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి,
"అన్నం మిగల్లేదు గానీ
కాకి ముద్ద ఉంది" అంది.

వెనక ప్రహరీ మీద, పగిలిన పెంకులో
నిన్నటి చిత్రాన్నం, పిడికెడు.
ఎండకు పెచ్చు కట్టి,
ఒక వేరుశనగ పలుకు, ఒక కరివేపాకు, చీమల బారు.
"ఎవరికన్నా ముందు దానికే పెడతా.
నిన్న రాలేదు.
వచ్చి ముట్టకుండా పోయిందో ఏమో."

నేను తీసుకోలేదు.
ఒక పగలూ ఒక రాత్రీ
గాలికీ ఎండకూ చీమలకూ ఇచ్చేసిన ముద్ద
ఏ పురుగు ఎప్పుడు చేరిందో చెప్పలేదు.
అది రుజువు కాదు. ఆమెతో అలాగే అన్నాను.
తలూపింది,
ఏ కాగితం చూపినా వేలిముద్ర వేసేవాళ్లు ఊపినట్టు.
నా రిపోర్టు ఒకే లైను: నమూనా లభ్యం కాలేదు.
శుక్రవారం ఆమెను మాన్పించారు.

ఎనిమిది నెలలకు సర్కారు మాకో గది ఇచ్చింది.
పాత ఫైళ్ల కొట్టు. ఎలుకల కంపు పోవడానికే పది రోజులు.
ఒక ఫోను, దాని పక్కన రాత్రి కూడా ఒక మనిషి.
జిల్లాకొక పేరు,
ఆ పేరు సెలవులో ఉంటే ఇంకో పేరు.
ఆసుపత్రి నర్సు నేరుగా మాకే చెప్పొచ్చు,
ఎవరి సంతకమూ అక్కర్లేదు.
ఈ ఒక్క వాక్యానికి నాలుగు మీటింగులు, మూడుసార్లు మైసూర్‌పాక్.
ఐసుపెట్టెలకు తాళాలుండవు అన్నప్పుడు
రేవణ్ణ కిటికీలోంచి బయటికి చూశాడు.

పద్నాలుగో నియమం నేను రాశాను:
పదిమందికి వండే ప్రతి చోటా, వడ్డనకు ముందే,
ప్రతి వంటకం నుంచీ ఒక పిడికెడు తీసి,
మూత పెట్టి, తేదీ వేసి, మూడు రోజులు ఫ్రిజ్జులో ఉంచాలి.
హెబ్బార్ సారు కళ్లజోడు మీదుగా చూసి
"ఇదెక్కడి పద్ధతి?" అన్నారు.
చాలా దేశాల్లో ఉంది సార్, అన్నాను.
అబద్ధం కాదు.
పిడికెడు కొట్టేసి
రెండు వందల గ్రాములు అని దిద్దారు.

గంగులమ్మకు చెబుదామని ఫోను చేస్తే
ఆ నంబరు ఇప్పుడెవరో ఆటో అతనిది.

మొన్న రాత్రి ఒకటీ నలభైకి ఫోను మోగింది.
యలహంకలో హాస్టలు, పదముగ్గురు పిల్లలు.
యాభై నిమిషాల్లో చేరాం.
ఫ్రిజ్జులో ఐదు డబ్బాలు,
వంకర అక్షరాల్లో తేదీ, అన్నం, పప్పు, ఇంకేదో.
వంట కుర్రాడు మూలన
చేతులు వీపు వెనక దాచుకొని నిలబడ్డాడు.
నాకు హిందీ అంతంత మాత్రం.
"నిన్నేమీ అడగను బాబూ,
ముందు అన్నాన్ని అడుగుతా" అన్నాను.
అర్థమైందో లేదో,
ఒక చెయ్యి మాత్రం ముందుకొచ్చింది.

రేవణ్ణ ఐసుపెట్టె తెచ్చి నేల మీద పెట్టాడు.
తాళం వేసే కొండీ దానికింకా ఉంది,
ఖాళీగా, కొంచెం తుప్పు పట్టి.