ఏ గ్రీజు దేనికి

షిప్‌యార్డు స్టోర్సులో ఇరవై రెండేళ్ళు.
ఏ గాస్కెట్‌కి ఏ గ్రీజో నిద్రలో లేపి అడిగినా చెప్తాను.
తప్పు నూనె తగిలితే
రబ్బరు ఉబ్బి, జిగటగా మారి, చీలుతుంది.

నా ఒంటి సంగతే
నలభై తొమ్మిదో ఏట తెలిసింది.

కేజీహెచ్ ఎదుటి మందుల షాపులో
హైమ గొంతు తగ్గించలేదు:
"బొమ్మ సిలికాన్‌దా? దానిమీద సిలికాన్ జెల్ ఒద్దక్కా,
పాడైపోద్ది. నీళ్ళ జెల్ తీసుకో.
సెంటు వాసనలవీ ఒద్దు, మంట."
వెనక ఎవరో దగ్గారు.
దగ్గనీ.

కొబ్బరినూనె సీసా
మళ్ళీ దువ్వెన పక్కకే వెళ్ళింది.
మణికట్టు మీద ఒక్క చుక్క వేసుకుని
ఒకరోజంతా ఆగాం.

తర్వాతి రాత్రి,
ఆరినప్పుడల్లా ఇంకొంచెం.
హార్బరులో ఏదో ఓడ కూత.

పైడిరాజు బొమ్మని సబ్బుతో కడిగి
తువ్వాలు మీద ఆరబెట్టాడు,
నా స్పానర్లు ఏనాడూ తుడవనివాడు.