తొట్టి బేరం

షువైఖ్ దుకాణంల తొట్లన్నీ తెల్లగనే ఉన్నయి.
కుండను చూసినట్టు
వేలి కణుపుతోని ఒక్కోటి కొట్టి చూసిన.

పోత ఇనుము ఖంగుమన్నది.
"మంచిదే మేడం, కానీ మూడో అంతస్తుకు
మోసే నలుగురిల ఒకణ్ణి నేనే."
ఉమ్ జాసిం నవ్వింది.

రాతిది సల్లగ చెయ్యి గుంజింది,
నీళ్ల వేడి ముందు అదే తాగుతది.
ఫైబర్‌ది డొల్ల మోత.
అక్రిలిక్ మీద అరచెయ్యి నిలిచింది.

"పండుకొని చూడు లింబాద్రీ, నీదీ నా పొడుగే."
చెప్పులిడిచి, మడిమెల కింద
అట్టముక్క పరుచుకొని ఒరిగిన.

ఎన్ని తొట్లు బిగించిన్నో ఈ చేతులతోని!
లోపటినుంచి సీలింగు చూసుడు ఇదే మొదలు.

"ఎట్లుంది?"
జరసేపు మాట రాలే.
"అంచు ఎత్తు... మీ మోకాలికి కష్టం.
రెండించులు దించి బిగిస్త."

లేవంగ అంచుకు సిమెంటు అంటింది.
తుడవబోతే,
"ఉండనీ, ఇదే రాయించు" అన్నది.